బాపు పెట్టిన వరుస

నాంపల్లి, హైదరాబాదు
ఆగస్టు మొదటి ఆదివారం

బిడ్డా జమునా,
మీ బాపు రాజనర్సు గుండె నిండా దీవించి రాస్తున్న ముచ్చట.

దొరికాయి! పదికి పది దొరికాయి! ఈ మాట ముందు చెప్పకపోతే నా చెయ్యి ఆగేలా లేదు, అందుకే క్షేమసమాచారాలు వెనక్కి నెట్టాను. మేము బాగున్నాము. మీ అమ్మ యాదవ్వ మోకాలు కూడా బాగుంది.

మీ ఇప్పలగూడ బడిలో తలుపు మీద 'కంప్యూటర్ గది' అన్న పేరే గాని లోపల ఒక్క కంప్యూటరూ లేదని, బాలల దినోత్సవానికి ముందు వచ్చే పెద్ద ఆఫీసరుకు పిల్లలు కంప్యూటర్ల మీద పనిచేస్తుంటే చూపించకపోతే ఆ గదిని మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలకు ఇచ్చేస్తారని నువ్వు రాశావు చూడు, అప్పటి నుంచి నాకు బియ్యం కనబడితేనే కోపం. మీ అమ్మ మాత్రం "బువ్వ మీద అలుగుతవా? తిను, తిని పోయి ఎతుకు" అంది. తిని పోయి వెతికాను.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటి, ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ వెనక సందు ఉంది కదా. అందులో అంజన్ అని ఒకాయన పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్ముతాడు. ఆయన తండ్రి కాలంలో ఆ దుకాణం బోర్డు రాసింది నేనే. ఇప్పుడు పైన ఫ్లెక్సు కట్టారు. వంగి చూస్తే ఫ్లెక్సు వెనక నా ఎర్ర అక్షరాలు ఇంకా ఉన్నాయి బిడ్డా, ఒక్క పెచ్చు కూడా ఊడలేదు!

ఏదో ఆఫీసువాళ్ళు తీసేసిన మిషన్లు పది ఒక మూలన పేర్చి ఉన్నాయి. "మంచిగనే ఉన్నయి గద, ఎందుకు తీసేసిన్రు?" అని అడిగాను.

"కొత్త విండోస్ వీటికి ఎక్కది చాచా, బరువైతది. దాని బదులు లినక్స్ అని ఇంకోటి ఎక్కిస్త. గాలి లెక్క ఉర్కుతది."

"దానికెంత?"

"దానికేం లేదు. ముఫత్."

"ముఫత్‌గ ఎవడిస్తడు బై? చోరీ మాలా ఏంది? పోలీసులొస్తే నా బిడ్డ నౌకరీకి వస్తది!"

దుకాణంలో అందరూ ఒకటే నవ్వు. అంజన్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. "చోరీ కాదు చాచా. దునియాల మస్తు మంది కూసొని రాసి, గిదిగో తీస్కోండ్రి అని ఇడిచిపెట్టిన్రు. లోపలేముందో ఎవరన్న సూడొచ్చు. నచ్చకుంటె మార్చుకోవచ్చు. ఎవ్వడు అడగడు."

నాకు బోర్డులు రాయడం నేర్పిన మా ఉస్తాదు కూడా ఇంతే. 'జ'లో కుంచె ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో చెయ్యి పట్టి చూపేవాడు. పక్క పెయింటర్లు దాచుకునేవాళ్ళు, ఆయన దాచలేదు. ఏ దేశంలో కూర్చుని ఎవరు రాశారో గాని, వాళ్ళ చేతులు చల్లగుండాలి.

ఇంకో వింత విను. అంజన్ ఏదో నొక్కాడు, తెర మొత్తం తెలుగైపోయింది! నేను చప్పట్లు కొట్టాను. బజారులో పోయే ఒకాయన ఆగి చూశాడు.

మీరు టీచర్లంతా పోగుచేసిన పైకం సరిపోయింది. మిషన్లు సిద్ధమవుతున్నాయి. కీబోర్డుల మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలే, అవీ సగం అరిగిపోయాయి. ఆ సంగతి నాకు వదిలెయ్. ఏం చేస్తానో చెప్పను.

నిన్ను కన్నందుకు పొంగిపోయే
మీ బాపు


ఇప్పలగూడ, తిర్యాణి దగ్గర
ఆగస్టు 19

ప్రియమైన బాపూ,

నీ ఉత్తరం మా స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించాను. "చోరీ మాలా?" దగ్గర మా హెడ్మాస్టరు గోపాలరావు సారు కూడా నవ్వారు. ఆయన చెడ్డవారు కాదు. పోయిన వానకాలం బియ్యంలో సగం ఎలుకల పాలైంది, ఆయన బాధ ఆయనది. ఈసారి ఇప్పటికే నాలుగు బస్తాలు తెచ్చి ఆ గది వరండాలో పెట్టించారు. రోజూ వాటిని దాటుకుంటూ క్లాసుకు పోతున్నాను. నేనేమో అందరి ముందు "పిల్లలు పనిచేస్తుంటే చూపిస్తాను సార్" అని మాటిచ్చేశాను.

నా పిల్లలు మూడు, నాలుగు తరగతుల ఆడపిల్లలు బాపూ. ఇంట్లో మాట్లాడేది గోండి. తెలుగు అక్షరాలు ఇప్పుడిప్పుడే చేతికొచ్చాయి. ఇంగ్లీషు ఇంకా పాట లాగానే పాడతారు, గుర్తుపట్టరు. అందుకే తెర తెలుగులో వస్తుందన్న మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆత్రం మోతుబాయి అని ఒక పిల్ల "టీచర్, కంప్యూటరుకు తెల్గు వస్తదా, దానికెవరు చెప్పిన్రు?" అని అడిగింది. హైదరాబాదులో తాత చెప్పాడన్నాను.

కీబోర్డులకు ఏం చేస్తావో చెప్పనన్నావు. నాకు భయంగా ఉంది. మునుపు మన ప్రెజర్ కుక్కరు మీద అమ్మ పేరు రాసి, మూత మీద తామరపువ్వు వేశావు. అటువంటిదేనా?

నీ
జమున


నాంపల్లి
వినాయకుణ్ణి సాగనంపిన మర్నాడు

బంగారు బిడ్డా,

కుక్కరు మాటెత్తావు. ఆ తామరపువ్వు ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు, అమ్మనడుగు!

ఇక దాచలేను. మిషన్ల పార్సిలు నాలుగు రోజుల్లో బస్సులో వస్తుంది, దానికంటే ముందు నా ముచ్చట నిన్ను చేరాలి. పది కీబోర్డులూ ఇంటికి తెచ్చుకుని, మీటమీటకూ నల్ల ఎనామిల్ పూసి, అరిగిన ఇంగ్లీషును పూడ్చేసి, దాని మీద సన్నని జీరో నంబరు బ్రష్షుతో తెల్లగా తెలుగు అక్షరాలు రాశాను! పైన వార్నిష్ వేశాను. పిల్లలు ఎంత నొక్కినా పోదు. నీళ్ళు పడినా పోదు.

ఫ్లెక్సులు వచ్చాక నా బ్రష్షుల డబ్బా అటక మీదే ఉండిపోయింది కదా. మీ అమ్మే స్టూలెక్కి దించింది. బ్రష్షు పట్టుకుని మొదట పాత పేపరు మీద నాలుగు గీతలు గీసి చూసుకున్నాను. 'అ' రాసే సరికి చెయ్యి కుదురుకుంది. 'ఇ' రాసే సరికి నేను ముప్పయ్యేళ్ళ వాణ్ని. మీ అమ్మ పక్కన కూర్చుని "గా 'ఖ' పొట్ట జర సన్నగ చెయ్" అని వంకలు పెడుతూనే ఉంది. సంతోషం బిడ్డా, మస్తు సంతోషం!

ఇంకో సంగతి. ఆ ఇంగ్లీషు అక్షరాలు ఎవడు పెట్టాడో గాని, తొందరలో కుమ్మరించినట్టున్నాడు. మొదట Q అట! A పక్కన S అట! ఏబీసీడీ తెలియనివాడెవడో చేసిన పని. మన పిల్లలకు ఆ తిప్పలెందుకని నేను సక్కగా పెట్టాను. పై వరుసలో అ నుంచి ఔ దాకా అచ్చులు. కింది మూడు వరుసల్లో క నుంచి ఱ దాకా హల్లులు. పలక మీద దిద్దిన వరుసే. వెతుక్కునే పని లేదు. అంకెలు కుడి పక్క గడుల్లో విడిగా ఉన్నాయి కాబట్టి వాటిని ముట్టుకోలేదు. 'అం'లో వచ్చే సున్నకు మాత్రం చోటు చాలలేదు. ఎడమ పక్కన ఒక వెడల్పు మీట ఊరికే పడి ఉంటే దాని మీద పెద్ద సున్న పెట్టాను. అందంగా కుదిరింది.

పిల్లలు మొదట ఏం కొట్టారో నాకు రాయి. ఒక్కొక్కరు ఏం కొట్టారో రాయి. నేను రోజూ పోస్టుమ్యాన్ కోసం సందు చివరి దాకా పోయి నిలబడతాను.

ఆనందం పట్టలేని
మీ బాపు


ఇప్పలగూడ
సెప్టెంబరు చివరి వారం

ప్రియమైన బాపూ,

పార్సిలు క్షేమంగా చేరింది. పదీ పనిచేస్తున్నాయి. కీబోర్డులు మూటలు విప్పి బల్ల మీద పెడితే పిల్లలు ముట్టుకోవడానికి కూడా భయపడ్డారు, అంత అందంగా ఉన్నాయి. మోతుబాయి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి తడిమింది. గోపాలరావు సారు "ఇది అచ్చు కాదా, చేతిరాతా?" అని కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

నాకు కొంచెం పని ఎక్కువగా ఉంది. వచ్చే ఉత్తరంలో వివరంగా రాస్తాను. అమ్మ మోకాలికి నూనె రాయించు. నువ్వు ఎండలో తిరగకు.

నీ
జమున


నాంపల్లి
దసరా వెళ్ళిన శుక్రవారం

జమునా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. అక్షరాలు అందంగా ఉన్నాయన్నావు, పిల్లలు తడిమారన్నావు. ఏం కొట్టారో ఒక్క ముక్క రాయలేదు. అప్పుడే నాకు తెలియాల్సింది. తెలియలేదు. పని ఎక్కువ కాబోలు అనుకున్నాను. ఎంత అమాయకుణ్ని!

అంజన్‌కు చూపించుకుందామని, అతని దుకాణంలో పడి ఉన్న ఇంకో పాత కీబోర్డు తెచ్చి దానికీ రంగులేశాను. దసరా కానుక అని తీసుకుపోయాను. అతను మురిసిపోయి మిషనుకు తగిలించి, తెలుగు పెట్టి, "నువ్వే కొట్టు చాచా" అన్నాడు. నేను నీ పేరు కొట్టాను. జ నొక్కాను, మ నొక్కాను, ఉ నొక్కాను, న నొక్కాను.

తెర మీద 'హ' పడింది. తర్వాత 'చ'. తర్వాత నాలుగు అంకె. చివర ఒక ఉత్త కొమ్ము.

"మిషన్ ఖరాబైనట్టుంది" అన్నాను.

అంజన్ కీబోర్డు చేతిలోకి తీసుకుని చూశాడు. మీటల మీద అక్షరాలు వరుసగా చదివాడు. "చాచా, అఆఇఈ లెక్కన రాసినవా?"

"మరెట్ల రాస్తరు?"

"తెలుగు మీటలకు వేరే వరుసుంటది చాచా. అది లోపల మిషన్‌ల ఉంటది. పైన రంగేస్తే లోపల మారదు."

పైన రంగేస్తే లోపల మారదు. ఈ ముక్క ఒక పెయింటరుకు ఇన్నేళ్ళకు తెలిసింది చూడు. నలభై ఏళ్ళు బోర్డులు రాశాను బిడ్డా. ఉర్దూ చదవడం రాకపోయినా చూసి గీశాను, అందులో కూడా ఎవరూ తప్పని చూపలేదు. చివరికి నా బిడ్డ బడికి రాసిందే తప్పయింది. అదీ పోకుండా వార్నిష్ వేసి మరీ!

నువ్వు నన్ను నొప్పించకూడదని దాచావు. నాకు అర్థమైంది. కానీ ఆఫీసరు వచ్చే రోజు దగ్గర పడుతోంది, వరండాలో బస్తాలు ఉండనే ఉన్నాయి. నాకు నా రాత కన్నా ఆ గది ముఖ్యం. రంగు వదిలించే థిన్నర్ సీసా, గీకే బ్లేడు, పాత గుడ్డలు సంచిలో పెట్టాను. నాంపల్లి స్టేషనులో రైలెక్కి వస్తాను, పదీ గీకి సరైన వరుసలో మళ్ళీ రాస్తాను. నీ జవాబు రాకుండా కదలనని మీ అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. త్వరగా రాయి.

మీ అమ్మ మాట కూడా రాయమంటోంది. "అక్షరాలైతే మంచిగున్నయి, అవి ఏడున్నా మంచిగనే ఉంటయి" అని రాయమంది. రాశాను.

మీ
బాపు


ఇప్పలగూడ
నవంబరు 6

నా బాపూ,

థిన్నర్ సీసాకు మూత పెట్టెయ్. బ్లేడు తీసి అవతల పారెయ్. నా కీబోర్డుల మీద ఒక్క అక్షరం గీకావో, నీతో మాట్లాడను!

నిజమే, దాచాను. ఇక్కడ సిగ్నల్ దొరికేది కొండ మీదే కదా, నువ్వు రంగులేసే రోజుల్లో ఎక్కి ఫోను చేస్తే అమ్మ ఎత్తి "మీ బాపు మల్ల పాటలు పాడుకుంట రంగులేస్తున్నడే" అని చెప్పింది. ఆ మాట విన్నాక ఎలా రాయను? మొదటిరోజు పిల్లలు 'అమ్మ' అని కొడితే తెర మీద చెత్త పడింది. వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సారు అది చూసి వెళ్ళారు, మర్నాడు వరండాలో ఇంకో రెండు బస్తాలు దిగాయి. నేను గది తలుపేసుకుని కూర్చున్నాను.

అప్పుడు నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. తీసి మళ్ళీ చదివాను. "లోపలేముందో ఎవరన్న సూడొచ్చు. నచ్చకుంటె మార్చుకోవచ్చు. ఎవ్వడు అడగడు." అంజన్ మాటలు నువ్వే రాశావు. నేనే పట్టించుకోలేదు.

అంతే బాపూ. నీ రంగు మార్చడం దేనికి, లోపలి వరుసే మారిస్తే పోలా?

మళ్ళీ కొండెక్కాను. ఈ లినక్స్ వాడేవాళ్ళు ఒకరినొకరు అడుక్కునే చోటు ఒకటి నెట్‌లో ఉంది, అక్కడ నీ కీబోర్డు ఫోటో పెట్టి, మా నాన్న ఇలా రాశారు, మీటలు దీని ప్రకారం పలకాలి, ఎలా? అని అడిగాను. మర్నాడు ఎక్కి చూస్తే ఎవరో ముక్కూ మొహం తెలియని భానుతేజ అట, ఏ ఫైలు తెరవాలో, ఎలా రాయాలో అంతా చెప్పి, చివర "మీ నాన్నగారి అక్షరాలకు నమస్కారం" అని పెట్టాడు. ఆ ఫైలు మామూలు రాతే. ఈ మీట నొక్కితే ఈ అక్షరం అని ఒక్కో వరుస. మోతుబాయి కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని అ, ఆ, ఇ, ఈ అని చదివింది, మిగతా పిల్లలు గట్టిగా తిరిగి చెప్పారు, నేను రాశాను. క తర్వాత ఆ నొక్కితే 'కా' వస్తుంది. పక్కనున్న షిఫ్ట్ మీట పట్టుకుని నొక్కితే వత్తు పడుతుంది. అన్నిటికంటే మొండికేసింది నీ సున్న! నువ్వు 'ఊరికే పడి ఉన్న మీట' అన్నావే, దాన్ని లొంగదీయడానికే అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది. పిల్లలు దానికి 'తాత సున్న' అని పేరు పెట్టారు.

నిన్న ఆఫీసరమ్మ వచ్చింది. వరండాలో బస్తాలు చూసింది, లోపలికొచ్చింది. పదిమంది పిల్లలూ వాళ్ళ పేరు, ఊరి పేరు, ఇంట్లో మేకల పేర్లు కొడుతున్నారు. ఆమె మోతుబాయి పక్కన కూర్చుంది. "మా ఆఫీసులో తెలుగు కొట్టాలంటే నాకు ఒక్కో అక్షరానికి వెతుకులాటే" అంటూ తన పేరు 'స్వర్ణ' కొట్టబోయి వత్తు దగ్గర ఆగిపోయింది. మోతుబాయి ఆమె వేలు పట్టుకుని షిఫ్ట్ మీద పెట్టింది. "గిది పట్టుకోని గిది నొక్కు మేడం."

అయినా ఒక ప్రశ్న అడిగింది బాపూ, మంచి ప్రశ్న. "రేపు ఈ పిల్లలు వేరేచోట వేరే కీబోర్డు చూస్తే?" అని. బయట అందరూ వాడే వరుస కూడా ఇందులోనే ఉంది, పెద్ద క్లాసులో అది నేర్పుతాను, ఇంగ్లీషు కూడా అప్పుడే, ముందు భయం పోనివ్వండి అన్నాను. ఆమె సారు వైపు తిరిగి "బియ్యానికి వేరే చోటు చూడండి" అంది. సారే స్వయంగా ఒక బస్తాకు చెయ్యి వేశారు. పోతూ పోతూ నాతో "మీ బాపు ఇంకో బడికి రాస్తడా?" అని అడిగారు.

ఇక్కడ కంప్యూటర్లో వరుసలు ఎంచుకునే జాబితా ఒకటి ఉంటుంది. కొత్త వరుస పెడితే దానికో పేరు అడుగుతుంది. ఏం పెట్టానో చెప్పను. అంజన్ దగ్గరికి పోయి చూడు. ఫైలు అతనికి పంపాను.

ఇది మోతుబాయి కొట్టింది, కాగితం జత చేస్తున్నాను.

నీ
జమున

    తాతకు నమస్తే. నేను ఆత్రం మోతుబాయి. నాలుగో తరగతి. నీ అక్షరాలు మంచిగున్నాయి. సున్న చాలా పెద్దగ ఉంది. మా గది మాకే ఉంది. మా మేక పేరు గంగి. నువ్వు రా. రంగు తీయకు.


నాంపల్లి
బాలల దినోత్సవం నాడు

బిడ్డా జమునా,

ఇది నా చేతిరాత కాదని చూడగానే తెలిసి ఉంటుంది. కొడుతున్నాను! నేనే కొడుతున్నాను! అంజన్ దుకాణంలో, నేను రంగులేసిన కీబోర్డు మీద. పొద్దున కూర్చున్నాను, మధ్యలో రెండు చాయ్‌లు అయ్యాయి. మీ అమ్మ కూడా వచ్చింది. పక్కన కూర్చుని "గాడ సున్న నొక్కు, గా పెద్దది" అని హుకుంలిస్తోంది.

నీ ఉత్తరం, మోతుబాయి కాగితం పట్టుకుని సందులో నుంచి అబిడ్స్ దాకా నడిచే వచ్చాను. ఆటో పిలవడం కూడా గుర్తుకు రాలేదు. దారిలో ఎవరు కనబడితే వాళ్ళకు చదివి వినిపించాను. పాత పుస్తకాలాయన మోతుబాయికని ఒక బొమ్మల పుస్తకం ఇచ్చాడు, పార్సిలులో పంపుతాను.

అంజన్ ఏదో తెరిచి "సూడు చాచా" అన్నాడు. ఇంగ్లీషు, హిందీ, తెలుగు అని వరుసగా ఉన్నాయి. వాటి కింద రాజనర్సు అని ఉంది. నలభై ఏళ్ళు ఊళ్ళో అందరి పేర్లూ రాశాను జమునా. కిరాణా దుకాణాలవి, డాక్టర్లవి, వకీళ్ళవి, పోటీ చేసి ఓడిపోయినవాళ్ళవి కూడా. నా పేరు మాత్రం ఎక్కడా రాసుకోలేదు. బోర్డు కింద మూల చిన్నగా పెట్టుకోమన్నా ఎందుకులే అనేవాణ్ని. నువ్వు పెట్టావు. ఇంకేం రాయను, మీటలు మసకగా కనబడుతున్నాయి.

మీ సారుకు చెప్పు, ఇంకో బడికే కాదు, ఎన్ని బళ్ళకైనా రాస్తాను. అంజన్ నవ్వుతూ అడిగాడు: "ఈసారన్న అసలు వరుసల రాస్తవా చాచా?"

"గదే అసలు వరుస" అన్నాను. "నీ మిషన్‌ల ఉంది సూస్కో."

అతను లేచి, బయటికి పోయి, ఫ్లెక్సు తాళ్ళు విప్పుతున్నాడు. నా ఎర్ర బోర్డు బయటికి రానివ్వాలట.

ఉత్తరం ముగించే ముందు నీ పేరు ఒకసారి కొట్టి చూస్తాను. మొన్న కొట్టినట్టే, అవే నాలుగు మీటలు.

జమున

వచ్చింది బిడ్డా.

మీ బాపు
రాజనర్సు